రెండు కుంచాల తీర్పు

మా క్రైస్తవ సంఘపు మినిట్స్ పుస్తకంలో 2016వ సంవత్సరానికి చెందిన ఒక పేజీ నా చేతిరాతలో ఉంది. కోతపండుగ కానుకలలో రూ. 18,400 అపహరించినందువల్ల కోశాధికారిని బాధ్యతల నుండి తొలగించడమైనదనీ, ఆరు నెలల పాటు ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారానికి, దూరంగా ఉంచడమైనదనీ నాలుగు వరుసల్లో ముగిసే ఆ తీర్మానం కింద సంఘ కాపరి (పాస్టరు) సంతకం, ఆయనకు తోడ్పడే నలుగురు డీకన్ల సంతకాలు, వాటన్నిటికీ చివర కార్యదర్శిగా నా సంతకం ఉన్నాయి. ముప్ఫై ఏళ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పినవాణ్ణి. పిల్లల జవాబు పత్రాల్లో అరమార్కు వేయాలా వద్దా అని కలం ఆపి ఆలోచించిన సందర్భాలు లెక్కలేనన్ని. అలాంటి నేను ఒక మనిషిని దొంగ అని తేల్చే వాక్యాన్ని ఒక్క కొట్టివేత కూడా లేకుండా రాశాను. సమావేశం ప్రార్థనతో మొదలై ప్రార్థనతో ముగిసేసరికి నలభై నిమిషాలు కూడా పట్టలేదు.

మా దగ్గరున్న ఆధారాలు రెండు. మొదటిది, కానుకల నోటుపుస్తకంలో వసూలుకూ ఖర్చుకూ మధ్య తేలిన తేడా. రెండవది, అదే నెలలో అతను సెకండ్‌హ్యాండ్ మోటారుసైకిలు కొనడం. రెండవది ఆధారమే కాదని ఇప్పుడు ఎవరైనా చెప్పగలరు గాని, ఆ రోజు ఆ గదిలో మొదటిదాని కంటే రెండవదే ఎక్కువ బరువు తూగింది. అతన్ని మాత్రం పిలవలేదు. పిలిస్తే నొచ్చుకుంటాడనీ, మాటా మాటా పెరుగుతుందనీ, సంగతి సంఘం మొత్తానికి పాకుతుందనీ ఒక డీకన్ అంటే మేమంతా తలలూపాము. అతని ముఖం చూడకుండా తీర్పు చెప్పడాన్ని మేము దయ అనుకున్నాము.

ఎనిమిది నెలల తరువాత సౌండ్‌బాక్సులు అద్దెకిచ్చే వ్యక్తి క్రిస్మస్‌కు బేరం మాట్లాడుకోవడానికి వచ్చి, మాటల మధ్యలో, పోయిన ఏడాది కోతపండుగ సమయంలో మీ కోశాధికారి నా పాత బాకీ పదకొండు వేలు చేతికిచ్చి తీర్చాడు కాబట్టి ఈసారి అడ్వాన్సు అడగడం లేదు అన్నాడు. అతని చిట్టా పుస్తకంలో తేదీతో సహా ఉంది. మాకు మాత్రం వోచరు లేదు. డబ్బు ఇచ్చినవాడు రాయలేదు, మేము అడగలేదు. మిగిలిన రూ. 7,400 ఏమయ్యాయో నేటికీ తేలలేదు. వంటచెరుకుకు కొంత, ఊరి నుంచి వచ్చిన సువార్తికుల దారిఖర్చులకు కొంత ఇచ్చానని అతను అంటాడు. ఇచ్చి ఉండవచ్చు, ఇవ్వకపోయి ఉండవచ్చు. ఆ రోజుల్లో అతని చొక్కా జేబులో సొంత డబ్బూ సంఘపు డబ్బూ కలిసే ఉండేవి, పైగా కాగితం రాసే అలవాటు అతనికి ఎన్నడూ లేదు.

అతను పూర్తిగా నిర్దోషి అని తేలి ఉంటే ఈ కథ చెప్పడం నాకు తేలికయ్యేది; కన్నీళ్లతో క్షమాపణ అడిగి, సాక్ష్యం చెప్పి కూర్చునేవాణ్ణి. కానీ అతను లెక్క రాయని మనిషి. పరుల సొమ్ము చేతిలో పెట్టుకున్నవాడు లెక్క రాయకపోవడం చిన్న తప్పేమీ కాదు, అందుకు అతన్ని ఆ బాధ్యత నుండి తప్పించడం న్యాయమే. మేము చేసిన అన్యాయం ఒక్క పదంలో ఉంది: 'అపహరించినందువల్ల'. నిర్లక్ష్యానికి పడవలసిన శిక్షను దొంగతనం పేరు మీద వేశాము. తెలుగు మాస్టారుగా ఆ రెండు మాటల మధ్య దూరం నాకు ఇంకెవరికన్నా బాగా తెలిసి ఉండాలి.

అదే సంవత్సరం, అదే కమిటీ, మరో విషయం చేపట్టింది. మందిరపు ప్రహరీ గోడ కట్టే పనిని మా సంఘంలోనే కలిగిన కుటుంబపు పెద్ద ఒకరు తీసుకున్నారు. ఒక్క వానకాలం గడిచేసరికి గోడ బీటలు వారింది. ఒప్పుకున్న సిమెంటు బస్తాలకూ వాడిన బస్తాలకూ పొంతన లేదని పని చేసిన మేస్త్రీయే చెప్పాడు. అంటే సాక్షి ఉన్నాడు, కళ్లెదుట బీటలూ ఉన్నాయి. ఆ సంగతి సమావేశంలో ఎత్తగానే ఒకరు బైబిలు తెరిచి మత్తయి సువార్త ఏడవ అధ్యాయం మొదటి వచనం చదివారు: "మీరు తీర్పు తీర్చకుడి, అప్పుడు మిమ్మునుగూర్చి తీర్పు తీర్చబడదు." అందరం ఆమేన్ అన్నాము. కోశాధికారి విషయంలో ఆ వచనం ఎవరికీ గుర్తు రాలేదు.

సామెతల గ్రంథం ఇరవయ్యవ అధ్యాయంలో వేరువేరు తూనికరాళ్లు, వేరువేరు కుంచాలు యెహోవాకు హేయమని ఉంది. బైబిలును తెనిగించినవారు అక్కడ కుంచము అనే మాట వాడటం నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది, ఎందుకంటే మా చిన్నతనంలో ధాన్యం కొలిచేటప్పుడు కొనడానికి ఒక కుంచం, అమ్మడానికి ఒక కుంచం ఉంచుకునే వర్తకుల గురించి పెద్దలు చెప్పుకునేవారు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, ఒకదాని అడుగు కాస్త పైకి ఉంటుంది, అంతే. మా సమావేశపు గదిలోనూ ఆ సంవత్సరం రెండు కుంచాలు ఉన్నాయి, రెండింటి మీదా వాక్యమే రాసి ఉంది.

అందుకే ఆ వచనాన్ని నేను మళ్లీ మొదటి నుంచి చదవవలసి వచ్చింది. దాన్ని ఒంటరిగా చదివితే క్రైస్తవుడు ఎవరి గురించీ ఏ నిర్ణయానికీ రాకూడదనే అర్థం వస్తుంది. కానీ ఆ మాట అన్న యేసే అదే అధ్యాయంలో పరిశుద్ధమైనదాన్ని కుక్కలకు పెట్టవద్దంటాడు, అబద్ధ ప్రవక్తలను గురించి జాగ్రత్తపడమంటాడు, వారిని వారి ఫలాలను బట్టి తెలుసుకుంటారంటాడు. ఏ నిర్ణయమూ చేయనివాడు ఫలం మంచిదో చెడ్డదో ఎలా చెబుతాడు? దూలం, నలుసుల పోలికలో కూడా చివరి మాట నలుసును వదిలేయమని కాదు. ముందు నీ కంట్లోని దూలం తీసుకో, అప్పుడు సహోదరుని కంట్లోని నలుసు తీయడానికి నీకు తేటగా కనబడుతుంది అని. కంట్లో నలుసు పడినవాడికి దాన్ని తీసే మనిషి కావాలి; కాకపోతే చూపు సరిగ్గా ఉన్న మనిషి కావాలి. ఇక యోహాను సువార్త ఏడవ అధ్యాయంలో ఆయన సూటిగానే చెప్పాడు: వెలిచూపును బట్టి తీర్పు తీర్చక న్యాయమైన తీర్పు తీర్చుడి అని.

మన ఇబ్బందిలో కొంత భాగం భాషది కూడా అని నా అనుమానం. గ్రీకులో 'క్రినో' అనే క్రియకు వేరుచేసి చూడటం దగ్గర నుంచి శిక్ష వేయడం దాకా విస్తృతమైన అర్థం ఉంది. తెలుగులో దానికి సాధారణంగా పెట్టిన 'తీర్పు తీర్చు' అనే మాట వినగానే మన మనసులో కోర్టు హాలు, న్యాయాధిపతి, ఇక తిరుగులేని ఆఖరి మాట మెదులుతాయి. లూకా సువార్త ఆరవ అధ్యాయంలో అదే ఉపదేశం పక్కనే "నేరము మోపకుడి" అని కూడా ఉండటంతో ఉద్దేశం కొంత విప్పారుతుంది. పరీక్షించడం వేరు, నేరం మోపడం వేరు. సమస్తాన్నీ పరీక్షించి మేలైనదాన్ని చేపట్టమని థెస్సలొనీకయులకు రాసిన పౌలు మొదటిదాన్ని ఆజ్ఞగానే ఇచ్చాడు. ఆయనే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక నాలుగవ అధ్యాయంలో, ప్రభువు వచ్చి హృదయాలలోని ఆలోచనలను బయలుపరిచే వరకు దేని గురించీ తీర్పు తీర్చవద్దని చెప్పి, పేజీ తిప్పగానే ఐదవ అధ్యాయంలో అందరికీ తెలిసిన ఒక తప్పు చేసినవాణ్ణి సంఘం నుండి వెలివేయమంటాడు. ఇది పరస్పర విరుద్ధమని కొట్టిపారేసేవారు ఉన్నారు. నాకు అలా కనబడదు. హృదయంలో ఉన్నది ప్రభువు వంతు, చేతులతో చేసినది సంఘం వంతు. మేము చేతులు చేసినదాన్ని సరిగా విచారించకుండా నేరుగా హృదయంలోకి వెళ్లి 'అపహరణ' అనే ఉద్దేశాన్ని అక్కడి నుంచి తీసుకువచ్చాము.

వినకుండా తీర్చిన తీర్పుకు బైబిల్లో నాకు తెలిసిన నిలువెత్తు ఉదాహరణ దావీదు రాజు. అంతకుముందు రాజైన సౌలుకు మనవడు, యోనాతాను కొడుకు మెఫీబోషెతు ఐదేళ్ల వయసులో దాది చేతుల్లో నుంచి పడి రెండు కాళ్లూ కుంటివాడైనవాడు. అతనికి దావీదు సౌలు భూములిచ్చి, వాటిని సేద్యం చేసే పని సీబా అనే సేవకునికి అప్పగించాడు. కొడుకు అబ్షాలోము తిరుగుబాటుతో దావీదు యెరూషలేము విడిచి పారిపోతున్న వేళ సీబా గాడిదల మీద రెండు వందల రొట్టెలు, ద్రాక్షపండ్లు, ద్రాక్షారసం వేసుకుని ఎదురొచ్చాడు. నీ యజమాని ఎక్కడ అని రాజు అడిగితే, రాజ్యం తనకు తిరిగి వస్తుందని యెరూషలేములో కూర్చున్నాడని చెప్పాడు. అంతే, మెఫీబోషెతుకు ఉన్నదంతా నీదే అని దావీదు అక్కడికక్కడే తేల్చేశాడు. ఆకలితో, అవమానంతో ఉన్న రాజుకు రొట్టెలు తెచ్చినవాడి మాట నిజంలాగే వినబడుతుంది. సామెతల గ్రంథం పద్దెనిమిదవ అధ్యాయంలోనే ఉంది: వ్యాజ్యంలో మొదట మాట్లాడినవాడి పక్షం న్యాయంగానే కనబడుతుంది, ఎదుటివాడు వచ్చిన తరువాతే సంగతి తేటపడుతుంది.

రాజు తిరిగి వచ్చినప్పుడు మెఫీబోషెతు ఎదురు వచ్చాడు. రాజు వెళ్లిన నాటి నుండి కాళ్లు కడుక్కోలేదు, గడ్డం కత్తిరించుకోలేదు, బట్టలు ఉతికించుకోలేదు. గాడిదకు జీను వేయించుకుని వద్దామనుకుంటే సేవకుడు మోసం చేశాడనీ, తాను కుంటివాణ్ణనీ చెప్పుకున్నాడు. ఆ గడ్డమూ ఆ బట్టలూ సాక్ష్యం కావా? అయినా దావీదు తన మాటను పూర్తిగా వెనక్కు తీసుకోలేదు. నీవూ సీబా భూమిని పంచుకోండి అన్నాడు. ఎందుకు సగం? ఇద్దరిలో ఎవరు నిజం చెబుతున్నారో తేలక అలా చేశాడని వ్యాఖ్యాతలు అంటారు, అదీ సాధ్యమే. కానీ ఐదు సంతకాల కింద సంతకం పెట్టిన అనుభవంతో చదివితే నాకు మరొకటి కనబడుతుంది. ఒకసారి నలుగురి ముందు చెప్పిన తీర్పును తప్పని ఒప్పుకోవడం కంటే సగానికి కోయడం రాజులకైనా, డీకన్లకైనా సులువు.

దీనికి ఎదురుగా యెహోషువ గ్రంథం ఇరవై రెండవ అధ్యాయం ఉంది. దీని మీద ప్రసంగం నేను మా మందిరంలో ఒక్కసారి కూడా వినలేదు. ఇశ్రాయేలు గోత్రాలలోని రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రపువారు యొర్దాను దగ్గర పెద్ద బలిపీఠం కట్టారని వార్త వచ్చింది. షిలోహులో ఒకే బలిపీఠం ఉండగా మరొకటి కట్టడమంటే తిరుగుబాటే అని మిగిలిన గోత్రాలు యుద్ధానికి కూడుకున్నాయి. యుద్ధానికి ముందు మాత్రం ఒక పని చేశాయి: యాజకుని కుమారుడైన ఫీనెహాసును, పదిమంది ప్రధానులను గిలాదుకు పంపాయి. ఫీనెహాసు ఎవరో తెలిసినవారికి ఇది ఆశ్చర్యం కలిగించాలి. సంఖ్యాకాండంలో ఈటె పట్టుకుని విచారణ లేకుండా ఇద్దర్ని పొడిచినవాడు ఇతనే. ఇతను కూడా వెళ్లగానే ప్రశ్న అడగలేదు, నేరమే మోపాడు. ఇశ్రాయేలు మీదికి మునుపు శిక్ష తెచ్చిన పెయోరు పాపాన్నీ ఆకాను పాపాన్నీ ఎత్తి పొడిచాడు. కానీ వెళ్లాడు. ముఖాముఖి నిలబడ్డాడు. వాళ్లు చెప్పుకునే వరకూ ఉన్నాడు. అది బలులు అర్పించడానికి కాదనీ, రేపు మీ పిల్లలు మా పిల్లలతో మీకు యెహోవాలో పాలు లేదని అంటారేమోనన్న భయంతో సాక్షిగా కట్టుకున్నామనీ వాళ్లు చెప్పారు. దూరం నుంచి విద్రోహంలా కనబడిన కట్టడం దగ్గరకు వెళితే భయంతో కట్టుకున్న గురుతు అని తెలిసింది. యుద్ధం ఆగింది.

మా కోశాధికారి ఇల్లు మందిరానికి రెండు వీధుల అవతల ఉంది. గిలాదు అంత దూరమేమీ కాదు.

ఉద్దేశాలను తీర్పు తీర్చే అలవాటు మన సంఘాల చరిత్రలోనే ఉంది, చాలాసార్లు మనమే దాని బాధితులం. మాది ప్రకాశం జిల్లా, బాప్తిస్టు సంఘం. 1876-78 నాటి గొప్ప కరువులో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకుని, తిండిలేక చస్తున్నవారికి కూలి ఇచ్చాడు. పని దొరికినచోట దేవుని మాట కూడా విన్నవారు వేలమంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వస్తున్నారో, దేవుని కోసం వస్తున్నారో మనిషికి తెలియదు గనుక, వాళ్ల గుండెలు తవ్వి చూడటానికి బదులు కరువు పని ముగిసేదాకా, ఏడాదికి పైగా, బాప్తిస్మాలనే ఆపేశాడు. కూలి ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఏడాది చివరికి ఆ సంఖ్య 9,606కు చేరింది. మా తాతగారి తాత ఆ గుంపులో ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. కాగితమేదీ లేదు, కాబట్టి నా వాదనకు అది సాక్ష్యం కాదు.

అయినా ఆ మాదిగ జనాన్ని బియ్యం కోసం మతం మారినవారన్న మాట నూట నలభై ఏళ్లు దాటినా వెంటాడుతూనే ఉంది. బయటివారు అన్నప్పుడు మనకు కోపం వస్తుంది, రావాలి కూడా. కానీ ఆ మాటలోని తర్కాన్ని కాస్త నిలబెట్టి చూస్తే, అది ఆకలిగొన్నవాడి భక్తికి మాత్రమే కారణం అడుగుతుంది, కడుపు నిండినవాడి భక్తికి అడగదు. ఒంగోలులో మొదటి రోజుల్లో, మాదిగలను చేర్చుకోకపోతే మేము వస్తామని పై కులాలవారు క్లౌతో అన్నారు. వాళ్ల ఉద్దేశం శుద్ధమా కాదా అని ఎవరూ శోధించినట్టు కనబడదు. ఆయనా ఆయన భార్యా వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల పత్రికలోని ఒకే భాగం, లోకరీతిగా జ్ఞానులను, ఘనులను దేవుడు అనేకులను పిలవలేదన్న భాగం కనబడిందని ఆయన తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అలా పుట్టిన సంఘాల పిల్లలం మేము. మోటారుసైకిలు కొన్న కూలివాడి కొడుకును చూసి డబ్బెక్కడిదని అడిగాము, గోడ కట్టిన కలిగినవాణ్ణి సిమెంటు ఎక్కడికి పోయిందని అడగలేదు. యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మురికి బట్టలవాడికి పాదపీఠం దగ్గర చోటు ఇచ్చేవారిని దురాలోచనతో విమర్శ చేసేవారన్నాడు. ఆ వచనానికి ఆ రోజు మేము బొమ్మ గీసి చూపించాము. అయితే తూకం అటువైపు మొగ్గడమూ న్యాయం కాదు. బీదవాడని పక్షపాతం చేయవద్దని లేవీయకాండం పంతొమ్మిదవ అధ్యాయం చెబుతుంది గనుకనే ఆ రూ. 7,400 సంగతి నేను ఇక్కడ దాచలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. వినండి, సాక్షులను చూడండి, తొందరపడకండి అనే మాటలన్నీ బలవంతుడికి గొడుగు పట్టవా? ఇద్దరు ముగ్గురు సాక్షులుంటే తప్ప సంఘపు పెద్ద మీద దోషారోపణ అంగీకరించవద్దని తిమోతికి రాసిన వాక్యాన్ని చూపించి, కాపరి చేతిలో వేధింపులకు గురైన స్త్రీని నోరు మూయించిన సంఘాలు ఉన్నాయి. తలుపు వేసిన గదిలో జరిగినదానికి ఇద్దరు సాక్షులను ఎక్కడి నుంచి తెస్తుంది? నా సమాధానం ఇది: ఆ వాక్యం ఫిర్యాదును వినవద్దని చెప్పడానికి కాదు, వినకుండా తేల్చవద్దని చెప్పడానికి. పైగా దాని వెంటనే వచ్చే వచనం పాపం చేసిన పెద్దలను అందరి ఎదుట గద్దించమంటుంది, దాని తరువాతది పక్షపాతంతో ఏమీ చేయవద్దంటుంది. మొదటి వచనం చదివి బైబిలు మూసేసేవారు ఆ మూడింటిలో రెండింటిని చింపేసినట్టే. కొన్ని విషయాలు అసలు సంఘం విచారించవలసినవే కావు. పసిపిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారి విధి. దాన్ని డీకన్ల గదిలో ప్రార్థన చేసి సర్దుబాటు చేయడానికి ఎవరికీ హక్కు లేదు. ఓపికగా వినడమంటే నేరం ఆరోపించబడినవాణ్ణి ఒక్కణ్ణే వినడం కాదు. పాపంతో నిండిన సొదొమ పట్టణం విషయంలో దేవుడు దిగి వచ్చి చూస్తానన్నది కూడా అక్కడి నుంచి మొర తనదాకా చేరింది కాబట్టే.

సౌండ్‌బాక్సుల మనిషి వచ్చి వెళ్లిన తరువాత పాత తీర్మానాన్ని రద్దు చేయాలని నేను కమిటీలో పెట్టాను. మూడు సమావేశాలు నడిచాయి. చివరకు 'అపహరించినందువల్ల' అనే మాట కొట్టివేయకుండానే, "లెక్కలలో కొంత పొరపాటు జరిగినట్లు తరువాత తెలిసినది" అనే వాక్యాన్ని కింద చేర్చడానికి ఒప్పుకున్నారు. పాత పేజీని ముట్టుకుంటే పెద్దల మాటకు విలువ ఉండదన్నారు. నేను వాదించాను, తరువాత అలసిపోయాను, ఆ వాక్యాన్ని కూడా నేనే రాశాను. ఆ రోజు ఇంటికి నడుస్తుంటే మెఫీబోషెతుకు ఇచ్చిన సగం పొలం గుర్తొచ్చింది.

ఆ పేజీకి జెరాక్సు తీసి అతని ఇంటికి వెళ్లాను. అప్పటికే అతను వేరే సంఘానికి వెళ్లడం మొదలుపెట్టాడు. అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, కాగితం రెండుసార్లు చదివాడు.

"మాస్టారూ, ఇందులో రెండు వాక్యాలూ మీ రాతే కదా?" అన్నాడు.

అవునన్నాను. కాగితం మడిచి నాకే తిరిగి ఇచ్చి, ఆ సౌండ్‌బాక్సుల అతనికి ఈ ఏడాది డబ్బు ఇచ్చినప్పుడైనా వోచరు రాయించారా అని అడిగాడు.